ఇడ్లీ హోటలుకు మార్కులు



గుండుగొలను నుంచి ఏడో తరగతి అమ్మాయి ఒక ప్రశ్న పంపింది. "మాస్టారూ, మా రోడ్డు మీద హోటళ్లు చాలా ఉన్నాయి. అన్ని బోర్డుల మీదా 'రుచికీ శుచికీ' అనే ఉంటుంది. ఏది నిజమో కనిపెట్టటం ఎట్లా?"

బోర్డు సంగతి వదిలేయండి. ముందు బల్లల దగ్గర కూర్చున్నవాళ్లను చూడండి. గుండుగొలను దగ్గర పెద్ద రహదారి చీలుతుంది. పాతది తాడేపల్లిగూడెం వైపు పోతుంది, కొత్తది దేవరపల్లి మీదుగా కొవ్వూరు పోతుంది. కార్లలో పోయేవాడు ఒకసారి తిని వెళతాడు. బాగా లేకపోయినా పోట్లాడటానికి తిరిగి రాడు. ఊళ్లోవాడు అట్లా కాదు. ఇవాళ ఇడ్లీ పులిస్తే రేపు పక్క హోటలుకు పోతాడు. కొల్లేటి చేపల లారీలు తోలేవాళ్లూ అంతే, వాళ్లు మళ్లీ మళ్లీ అదే దారిన వస్తారు. ఇటువంటివాళ్లు తినే చోట యజమాని ఒళ్లు దగ్గర పెట్టుకుని వండుతాడు.

ఇప్పుడు ఇడ్లీ. రుబ్బిన పిండిలో రాత్రంతా కంటికి కనిపించని సూక్ష్మజీవులు పని చేస్తాయి. పిండిలోని చక్కెరను తిని, పుల్లని ఆమ్లాన్నీ, బొగ్గుపులుసు వాయువునూ వదులుతాయి. ఆ వాయువు మినప్పిండి జిగురులో చిక్కుకుని బుడగలవుతుంది. ఆవిరికి పిండి గట్టిపడి, బుడగలున్న చోట చిన్న చిన్న గదులు మిగులుతాయి. ఇడ్లీని తుంచి చూడండి, ఆ గదులు కనిపిస్తాయి. పిండి పొంగకపోతే కొందరు వంటసోడా గుప్పిస్తారు. అప్పుడు ఇడ్లీ పసుపుపచ్చగా తిరిగి, నోటికి సబ్బు రుచి తగులుతుంది. ఇంకొక మాట. వేడి మీద ఏ ఇడ్లీ అయినా మెత్తగానే ఉంటుంది. రెండోదాన్ని కాస్త చల్లారనిచ్చి తినండి, దాని గుణం బయటపడుతుంది.

అయితే నన్నడిగితే అసలు పరీక్ష ఇడ్లీది కాదు, పచ్చడిది. ఇడ్లీ మరిగే నీటి ఆవిరిలో ఉడుకుతుంది. ఆ వేడికి సూక్ష్మజీవులు చాలామటుకు చస్తాయి. కొబ్బరి పచ్చడిని ఎవరూ ఉడికించరు. రుబ్బి, నీళ్లు కలిపి, గిన్నెలో పెడతారు. ఎండాకాలంలో అది కొద్ది గంటలకే పులుస్తుంది. పైగా, పచ్చడిలో కలిపిన నీళ్లు ఎటువంటివో మీకు కనిపించదు. కొల్లేటి చుట్టూ కనుచూపు మేర నీళ్లే, తాగే నీళ్లకు మాత్రం కటకట! అందుకని పచ్చడిని ముందుగా వాసన చూడండి, తరవాత నాలుకకు తగిలించండి. పుల్లవాసన వస్తే పక్కన పెట్టి, ఇడ్లీని కారప్పొడితో తినండి. మొహమాటపడకండి, కడుపు మీది.

జపాను దేశంలో రామెన్ అని ఒక వంటకం ఉంది. గోధుమపిండి సేమ్యాలను వేడి పులుసులో వేసి ఇస్తారు. ఎముకలను గంటల తరబడి కాచి తీసే ఆ పులుసును బట్టే దుకాణానికి పేరు వస్తుంది. టోక్యోలో సుటా అనే చిన్న దుకాణానికి 2015 డిసెంబరులో మిషెలిన్ నక్షత్రం ప్రకటించారు. రామెన్ దుకాణానికి ఆ గౌరవం దక్కటం అదే మొదలు. భవనాన్ని చూసి ఇచ్చింది కాదది!

గోడ మీద 14 అంకెల ఆహార లైసెన్సు నంబరు ఉండాలి. ఉందో లేదో చూడండి. అయితే కాగితం గిన్నెలు కడగదు. చెయ్యి కడుక్కునే నెపంతో వెనకవైపు వెళ్లి, పళ్లాలు పారే నీళ్లలో కడుగుతున్నారో, ఒకే తొట్టిలో ముంచి తీస్తున్నారో చూడండి.

కడిగేది ఎవరో కూడా చూడండి. మీ ఈడు పిల్లవాడైతే, పచ్చడి అమృతంలా ఉన్నా నేను ఆ హోటలుకు సున్నా వేస్తాను. బడి వదిలాక సొంత హోటల్లో అమ్మకు సాయపడటం వేరు. 14 ఏళ్లు నిండని పిల్లలను హోటళ్లలో పనికి పెట్టుకోవటం 2006 నుంచీ నేరం. మీరు యజమానితో వాదానికి దిగవద్దు. ఇంటికి వచ్చి నాన్నగారితో చెప్పి, 1098 నంబరుకు ఫోను చేయించండి. దానికి డబ్బు పడదు.