తొడుగు కింద పన్ను

“క్యాప్ వేయించేశాంగా, ఇంక ఆ పన్నుకి ఢోకా లేదు!” ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుకొస్తుంది. తొడుగు పుచ్చదు, నిజమే. కాని దాని అంచు దిగే చోట, చిగుళ్ళ దగ్గర ఉన్నది మన పాత పన్నే కదా! అక్కడ పాచి పేరుకుంటే లోపల్లోపలే పుచ్చుతుంది. రూట్ కెనాల్ చేసిన పన్నయితే నరం ఉండదు కనక, జివ్వుమని హెచ్చరించదు కూడా.

అంట్లు తోమేటప్పుడు బంగారు గాజులు తీసి భద్రంగా దాచుకుంటాం. వేలకు వేలు పోసి కట్టించుకున్న పన్నుతో మాత్రం పాల ప్యాకెట్టు చింపుతాం, కుట్టుదారం కొరుకుతాం, హెయిర్‌పిన్ను విడదీస్తాం. పింగాణీ పెచ్చు ఊడిందా, తప్పు డాక్టరుది!

“మా బామ్మ బొగ్గుపొడితో తోమినా ఎనభై ఏళ్ళదాకా పళ్ళు కదల్లేదు” అంటారు కొందరు. సంతోషం. ఆవిడ నోట్లో సిమెంటు లేదుగా! పన్ను రంగు సిమెంటు మీద బొగ్గు రుద్దితే నునుపు పోయి కాఫీ మరకలు పట్టేస్తాయి.

ఇంతకీ చెయ్యవలసింది కొండంతేమీ కాదు. మత్తు దిగేదాకా ఏమీ నమలకూడదు. పెదవి కొరుక్కున్నా తెలియదు. పెట్టించుకున్నది వెండి సిమెంటయితే పూర్తిగా గట్టిపడటానికి ఒక రోజు పడుతుంది. అందాకా ఆ వైపు జంతికలు, చెక్కలు వద్దు. తాత్కాలిక తొడుగు ఉన్నన్నాళ్ళు పంటికి అతుక్కునే జీళ్ళు మానాలి. ఆ తరవాత రెండు పూటలా మెత్తని బ్రష్షు, ఫ్లోరైడు పేస్టు, రోజుకోసారి పళ్ళసందుల్లో దారం. నోరు మూస్తే ఆ పన్నే ముందు తగులుతోందా? మళ్ళీ వెళ్ళి సరిచేయించుకోవాలి.

నా తగాదా అక్కడే. “అలవాటైపోతుందిలే” అని ఓర్చుకోవడం మనకెవరు నేర్పారండీ? పిల్లవాడి పన్నయితే మర్నాడే పరిగెడతాం. మన పన్నయితే పండగ వెళ్ళాక చూద్దామంటాం. రాత్రి అందరి కంచాలూ ఎత్తి, వంటిల్లు సర్ది, పాలు తోడేసి, పళ్ళు తోముకునే ఓపిక మాత్రం లేక పడుకుంటాం. నిద్రలో నోట్లో లాలాజలం తగ్గుతుంది. పుచ్చుకి అంతకన్నా మంచి అదను దొరకదు.

రెండు నిమిషాలు! ఆ రెండు నిమిషాలూ మనవి. వాటిని ఇంట్లోవాళ్ళని అడిగి పుచ్చుకోవడం కాదు, తీసుకోవడమే. ఆ పూట పాలు మరొకరు తోడేస్తే పెరుగు కాకుండా పోతుందా ఏమిటి?