ఎనిమిది సీసాల వైద్యం

స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ (ఎస్ఎంఏ) అనే జబ్బుకు వాడే రిస్డిప్లామ్ మందు జనరిక్‌ను ఆపాలన్న మందుల కంపెనీ రోష్ వినతిని సుప్రీంకోర్టు 2025 అక్టోబరు 17న తోసిపుచ్చింది. అయినా ఒక వాదన చావలేదు. పేటెంటుకు రక్షణ లేకపోతే అరుదైన జబ్బుల మందులపై పరిశోధనలు, పరీక్షలు ఆగిపోతాయట! ఎస్ఎంఏతో కండలు కరిగిపోతున్న బిడ్డను ఎత్తుకున్న తల్లితో ఈ మాట అనాలంటే గుండె రాయి కావాలి.

ఈ మందు ఒక్క కంపెనీ కష్టమా? జబ్బుకు మూలమైన జన్యువును 1995లో పట్టుకున్నది ఫ్రాన్స్ ప్రభుత్వ పరిశోధకులు. మందు వేట మొదలుపెట్టినది రోగుల కోసం పనిచేసే ఎస్ఎంఏ ఫౌండేషన్, పీటీసీ థెరప్యూటిక్స్ కంపెనీ. రోష్ వారితో చేరినది 2011లో. ఫైర్‌ఫిష్ అనే మందు పరీక్ష రెండో భాగంలో మందు తాగినది 41 మంది పసికందులు. ఏడాది తర్వాత వారిలో 12 మంది ఊతం లేకుండా కనీసం 5 సెకన్లు కూర్చోగలిగారు. ఫలితం తెలియని మందుకు బిడ్డలను అప్పగించిన ఆ తల్లిదండ్రుల వాటా ఏ ఖాతాలో రాశారు?

పరీక్షలు ఖరీదైనవే, చాలా మందులు మధ్యలోనే విఫలమవుతాయి, కాదనం. రోష్ కొందరికి ఉచితంగా ఇచ్చినదీ నిజమే. కానీ రోష్ సీసా ముద్రిత ధర 6 లక్షల పైచిలుకు ఉండేది. 20 కిలోలు దాటిన రోగికి రోజుకు 5 మిల్లీగ్రాముల చొప్పున 60 మిల్లీగ్రాముల సీసా 12 రోజులకు ఖాళీ. అరుదైన వ్యాధుల విధానం కింద కేంద్రం ఇచ్చే గరిష్ఠ సాయం 50 లక్షలు. అంటే ఎనిమిది సీసాలు, 96 రోజులు. జీవితాంతం వాడాల్సిన మందు ఇది! చిలకలూరిపేట పత్తి కౌలు రైతో, గుంటూరు యార్డులో మిర్చి బస్తాలు మోసే హమాలీయో ఎన్నటికీ కొనలేని సీసా మీద పరిశోధన ఖర్చు ఎలా రాబడతారు? కొనలేని వాడికి చవక మందు అందకుండా చేస్తే కంపెనీకి పైసా రాదు, ప్రాణం మాత్రం పోతుంది. దీన్ని పరిశోధన రక్షణ అనడం పచ్చి అబద్ధం.

గుంటూరు జిల్లా బిడ్డ నన్నపనేని వెంకయ్య చౌదరి స్థాపించిన నాట్కో కంపెనీ జనరిక్ సీసా ధర 15,900 రూపాయలు. అదే 50 లక్షలకు పదేళ్ల మందు. అయినా ఏడాదికి దాదాపు 4.8 లక్షలు ఏ కూలి ఇంట్లో ఉన్నాయి? కేంద్రం టోకున కొనాలి. రాష్ట్రం ఈ మందును గుంటూరు, ఒంగోలు సర్వజనాసుపత్రుల్లో ఉచితంగా అందించాలి. కోర్టు దారి తెరిచింది; ఇక జాప్యానికి ప్రభుత్వాలదే బాధ్యత.