పదును చెప్పే బోర్డు రైతు చేతిలో ఉండాలి

మూడేళ్ల కిందట మా మిరప చేలో ఒక కంపెనీ వాళ్లు సెన్సార్ పెట్టె పాతారు. నేలలో తేమ ఎంతుందో ఫోన్లో కనిపించేది. రెండో ఏడు చందా కట్టలేకపోయాను, లెక్కలు రావడం ఆగిపోయింది. విప్పి చూద్దామంటే సీలు. పెట్టె నా చేలో ఉంది, నా నేల సంగతి మాత్రం నాకు చెప్పదు.

ఈమధ్య తొమ్మిదో తరగతి చదివే మా తమ్ముడి కూతురు బడిలో అరచేతిలో పట్టే చిన్న బోర్డు చూపించింది. దాని పేరు మైక్రోబిట్. బ్రిటన్‌లో బీబీసీ కొన్ని సంస్థలతో కలిసి తయారు చేయించి, 2016లో అక్కడి బడిపిల్లలకు సుమారు 10 లక్షల బోర్డులు ఉచితంగా పంచింది. 25 ఎల్‌ఈడీ దీపాలు, రెండు మీటలు, కదలికను, దిక్కును, వెలుతురును పసిగట్టే ఏర్పాట్లు అందులోనే ఉంటాయి. వైర్లు అతికించే పని లేదు. కొత్తవాళ్లు మొదటి రోజే ఏదో ఒకటి నడిపి చూడగలరు.

అయితే అది తరగతి గదికి చేసిన బోర్డు, చేనుకు చేసింది కాదు. అది చూపే వేడి లోపలి చిప్‌ది, గాలిది కాదు. నేల తేమ కొలిచే సెన్సార్ దానికి లేదు. విడిగా దొరికే చవక రకం రెండు కడ్డీల సెన్సార్ తగిలిస్తే, తడి మట్టిలో కరెంటు పారి కడ్డీలు తొందరగా తినేస్తాయి. లోహం మట్టికి తగలకుండా కొలిచే కెపాసిటివ్ రకం ఎక్కువ కాలం ఆగుతుంది. పైగా ఒకే అంకెకు నల్లరేగడిలో ఒక అర్థం, ఎర్ర చెలకలో ఇంకో అర్థం. ఏ నేలకు ఆ నేలలో సరిచూసుకునే వీలుండాలి. పిడికెడు మట్టి పట్టి పదును చెప్పే రైతు లేకుండా ఆ పని జరగదు.

"ధరే రానివాడికి బోర్డెందుకన్నా?" అని మన సంఘంలోనే కొందరు అడుగుతున్నారు. నిజమే, గిట్టుబాటు ధరకు ఇది బదులు కాదు. ఆ పోరాటం ఆగేదీ కాదు. కానీ రాత్రి కరెంటు కోసం బోరు దగ్గరికి పోయి పాము కాటుకు బలైనవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. ఇవాళ తడి అక్కర్లేదని ఇంట్లోనే తెలిస్తే ఆ రాత్రి చీకట్లో గట్ల మీద నడక తప్పుతుంది.

అందుకే మన వ్యవసాయ విశ్వవిద్యాలయాలు, పాలిటెక్నిక్‌లు రైతుల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక బోర్డు తయారు చేయాలని ప్రభుత్వాలను అడుగుదాం. నేల తేమ, గాలిలో వేడి, తేమ కొలిచే సెన్సార్లు దానికే ఉండాలి. చెడిన సెన్సార్‌ను ఊళ్లో మోటార్ల మెకానిక్ మార్చగలగాలి. ఇంటర్నెట్ లేకున్నా నడవాలి. సూచనలు తెలుగులో ఉండాలి. 2005లో ఇటలీలో మొదలైన ఆర్డుయినో లాగా డిజైన్ అందరికీ తెరిచి ఉండాలి. లెక్కలు రైతు దగ్గరే ఉండాలి.

ముందుగా ప్రభుత్వ బడులకివ్వండి. మన పిల్లలే నేర్చుకుని మన చేలలో పాతుతారు. చెడిపోతే వాళ్లే విప్పి చూస్తారు.