పరదేశంలో కార్డు గీత... స్వదేశంలో ఖాతాకు కోత

విమానం దిగినా వీడని స్కిమ్మింగ్ ముప్పు
చిత్రీకరణకు వెళ్లే చిరుద్యోగులకే నష్టభయం అధికం
తిరిగొచ్చిన రోజే కార్డుకు తాళం వేయడం శ్రేయస్కరం

జూబ్లీహిల్స్: తెలుగు చలనచిత్ర పరిశ్రమ చెన్నపట్నం నుంచి భాగ్యనగరానికి తరలివచ్చిన తొలినాళ్లలో ఔట్‌డోర్ అంటే అరకు, ఊటీ వంటి చోట్లే ముందుగా గుర్తుకొచ్చేవి. కాలక్రమేణా ఆ హద్దులు చెరిగిపోయాయి. 2009లో వచ్చిన 'బిల్లా' మలేషియాలో, 2010 నాటి 'ఆరెంజ్' ఆస్ట్రేలియాలో, 2014 నాటి '1 నేనొక్కడినే' లండన్, బెల్‌ఫాస్ట్ నగరాల్లో చిత్రీకరణ జరుపుకొన్నాయి. ఆస్కార్ అందుకున్న 'నాటు నాటు' పాటను 2021 ఆగస్టులో ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో, అధ్యక్షుడి అధికారిక భవనం ఎదుట తీశారు. ఫిలింనగర్ నుంచి బయలుదేరే యూనిట్ సభ్యుల జేబుల్లో పాస్‌పోర్టుతో పాటు ఏటీఎం కార్డు కూడా తప్పనిసరి వస్తువైంది. పరాయి దేశంలో ఆపద్బాంధవుడిలా ఆదుకునే ఆ కార్డే, ఏమరుపాటుగా ఉంటే ఖాతాను ఊడ్చివేసే సాధనంగానూ మారుతుంది.

ఈ ముప్పు అగ్రతారలకన్నా చిన్నవారికే ఎక్కువ బాధ కలిగిస్తుంది. తారల ఖర్చులను చూసుకోవడానికి మేనేజర్లు ఉంటారు. కృష్ణానగర్, యూసుఫ్‌గూడ గదుల్లో, చిత్రపురి కాలనీ ఇళ్లలో నివసించే లైట్‌మెన్‌కు, మేకప్ సహాయకులకు, కాస్ట్యూమర్లకు, బృంద నృత్య కళాకారులకు ఆ వెసులుబాటు లేదు. బత్తా డబ్బులు, పారితోషికం, పిల్లల ఫీజులు, ఇంటి అద్దె అన్నీ ఒకే పొదుపు ఖాతాలో ఉంటే, ఆ ఖాతా కార్డే విదేశంలోనూ దిక్కవుతుంది. ఒక్క రాత్రి ఆ ఖాతా ఖాళీ అయితే నెల బతుకే తలకిందులవుతుంది.

చోరీ జరిగే తీరు ఇదీ

కార్డు వెనుక కనిపించే నల్లని అయస్కాంత పట్టీలో ఖాతాదారుడి కార్డు వివరాలు నిక్షిప్తమై ఉంటాయి. ఆ వివరాలు ఎప్పుడు చదివినా ఒకేలా ఉంటాయి. దొంగలు ఏటీఎంలో కార్డు దూర్చే చోట అదే రంగులో, అదే ఆకారంలో ఉన్న తొడుగును బిగిస్తారు. కార్డు లోపలికి వెళ్లేటప్పుడు పట్టీలోని సమాచారం ఆ తొడుగులోకి నకలవుతుంది. యంత్రం మాత్రం ఎప్పటిలాగే నగదు ఇస్తుంది. ఖాతాదారుడికి అనుమానం రాదు.

నకలు ఒక్కటే ఉంటే ఏటీఎంలో డబ్బు రాదు. నాలుగంకెల పిన్ కూడా కావాలి. అందుకోసం మీటల పైభాగంలో గుండుసూది తలంత కెమెరాను దాచుతారు. కొన్ని చోట్ల అసలు మీటలపైనే నకిలీ మీటల పలకను అతికిస్తారు. ఈ రెండూ చేతికందాక ఖాళీ కార్డుపై సమాచారం ఎక్కించి జంట కార్డు తయారుచేస్తారు. అసలు కార్డు యజమాని జేబులోనే భద్రంగా ఉంటుంది. ఏటీఎంలో నగదు తీయడానికి సాధారణంగా ఓటీపీ అవసరం లేదు గనుక, ఫోన్‌కు సంకేత సంఖ్య వస్తుందిలే అన్న ధీమా ఇక్కడ అక్కరకు రాదు.

చిప్ ఉన్నా చింతేనా?

మన దేశంలో కార్డులన్నీ చిప్ ఉన్నవే కదా అన్న సందేహం సహజం. పట్టీ మాత్రమే ఉన్న పాత కార్డులను 2018 డిసెంబరు 31లోగా చిప్ కార్డులుగా మార్చాలని రిజర్వు బ్యాంకు గడువు విధించింది. చిప్ ప్రతి లావాదేవీకీ కొత్త సంకేతాన్ని పుట్టిస్తుంది. ఒకసారి వాడిన సంకేతం మరోసారి చెల్లదు. కనుక చిప్‌కు నకలు తీయడం పట్టీకి తీసినంత తేలిక కాదు.

చిక్కంతా చిప్ కార్డు వెనుక కూడా పట్టీ మిగిలి ఉండటంతోనే వస్తోంది. చిప్ కోసం పట్టుబట్టకుండా, పట్టీ చదివి నగదు ఇచ్చే యంత్రం ప్రపంచంలో ఎక్కడ ఉన్నా దొంగకు అదే చాలు. ఒక దేశంలో నకలు తీసి, చిప్ విధానం బలహీనంగా ఉన్న మరో దేశంలో నగదు తీయడం ఈ ముఠాల ఆనవాయితీ. ఈ బలహీనతను గుర్తించే మాస్టర్‌కార్డ్ సంస్థ పట్టీని దశలవారీగా తొలగిస్తామని 2021లో ప్రకటించింది. 2033 నాటికి తమ కార్డుల్లో పట్టీ పూర్తిగా కనుమరుగవుతుందని పేర్కొంది. అంతవరకూ కాపలా కాయాల్సింది ఖాతాదారుడే.

గతం నేర్పిన పాఠాలు

2016 ఆగస్టులో తిరువనంతపురంలో ఒక ఏటీఎం గదిలో పొగను పసిగట్టే పరికరంలా కనిపించే పెట్టెలో కెమెరా దాచిన ఉదంతం వెలుగుచూసింది. కార్డులు నకలైంది కేరళలో, డబ్బు తీసింది ముంబయిలో. ఈ కేసులో రుమేనియా జాతీయుడు పోలీసులకు చిక్కాడు. అదే ఏడాది అక్టోబరులో దేశవ్యాప్తంగా సుమారు 32 లక్షల డెబిట్ కార్డుల భద్రత ప్రశ్నార్థకమైంది. ఆ వ్యవహారం మూలం స్కిమ్మింగ్ కాకపోయినా, ఖాతాదారులు భారత్‌లో ఉండగా వారి కార్డులు చైనా, అమెరికాల్లో వాడినట్లు ఫిర్యాదులు వచ్చాయి. 19 బ్యాంకులకు చెందిన 641 మంది నుంచి సుమారు 1.3 కోట్ల రూపాయలు పోయినట్లు జాతీయ చెల్లింపుల సంస్థ అప్పట్లో వెల్లడించింది.

మెక్సికోలోని కాంకున్ పర్యాటక తీరంలో 2015లో బయటపడిన ఉదంతం మరింత విస్మయకరం. అక్కడ నకలు తీసే పరికరాలను యంత్రం లోపలే అమర్చారు. బ్లూటూత్ ద్వారా సమాచారాన్ని బయటి నుంచే అందుకునేవారు. అలాంటి యంత్రాన్ని పైపైన ఎంత తడిమి చూసినా తేడా తెలియదు. కార్డు దూర్చే చోటును పట్టి లాగి చూడటం మంచి అలవాటే గానీ, అదొక్కటే రక్ష కాదని ఈ ఉదంతం చాటుతోంది.

ఇలాంటి సంఘటనల్లో తరచూ కనిపించే అంశం ఒకటుంది. నకలు తీసిన చోటు వేరు, డబ్బు తీసిన చోటు వేరు. నకలు తీసిన నాడే డబ్బు తీయాలన్న నియమమూ దొంగలకు లేదు. షూటింగ్ ముగించుకుని శంషాబాద్‌లో దిగి, ఇంటికి చేరి నిశ్చింతగా నిద్రపోయిన వారాల తర్వాత కూడా జంట కార్డు పనిచేయవచ్చు. అందుచేత విదేశంలో తీసుకునే జాగ్రత్త ఎంత ముఖ్యమో, తిరిగొచ్చాక తీసుకునే జాగ్రత్త అంతకన్నా ముఖ్యం.

బయలుదేరే ముందు...

• జీతం, పొదుపు ఉన్న ప్రధాన ఖాతా కార్డును విదేశీ ఏటీఎంలో పెట్టకపోవడమే ఉత్తమం. అవసరమైనంత మొత్తమే నింపుకొనే ఫారెక్స్ కార్డు తీసుకుంటే, దురదృష్టవశాత్తూ నకలైనా నష్టం అందులోని సొమ్ముకే పరిమితమవుతుంది. లేదా వేరొక ఖాతా తెరిచి ప్రయాణ ఖర్చు మాత్రమే అందులో ఉంచుకోవాలి.

• రిజర్వు బ్యాంకు 2020 జనవరిలో ఇచ్చిన ఆదేశాల ప్రకారం కొత్తగా ఇచ్చే కార్డులు మొదట దేశంలోని ఏటీఎంలు, దుకాణాల యంత్రాల్లోనే పనిచేస్తాయి. విదేశీ వినియోగాన్ని ఖాతాదారుడే కోరి తెరుచుకోవాలి. బ్యాంకు మొబైల్ యాప్‌లో ఆ మీట ఉంటుంది. రోజువారీ పరిమితిని కూడా అక్కడే తగ్గించుకోవచ్చు.

• కార్డు వెనుక ముద్రించిన 1800 వంటి ఉచిత నంబర్లు విదేశాల నుంచి కలవకపోవచ్చు. +91తో మొదలయ్యే బ్యాంకు నంబరును విడిగా కాగితంపై రాసుకోవాలి.

• బ్యాంకు సందేశాలు వచ్చే సిమ్ విదేశంలోనూ పనిచేసేలా రోమింగ్ ఏర్పాటు చేసుకోవాలి. స్థానిక సిమ్ వేసుకుని పాత సిమ్‌ను పెట్టెలో పడేస్తే హెచ్చరిక వచ్చినా తెలియదు.

యంత్రం ముందు...

• బార్లు, చిల్లర దుకాణాలు, నిర్మానుష్య వీధుల్లోని ఒంటరి యంత్రాలకన్నా బ్యాంకు శాఖ లోపల ఉన్న ఏటీఎం మేలు. పనివేళల్లో వెళితే, కార్డు ఇరుక్కున్నా అడగడానికి మనిషి ఉంటాడు.

• పిన్ నొక్కేటప్పుడు రెండో అరచేతిని మీటలపై గొడుగులా పట్టాలి. పరికరం ఎంత లోపల దాగి ఉన్నా, కెమెరాకు పిన్ చిక్కకపోతే జంట కార్డుతో ఏటీఎంలో నగదు తీయడం కష్టం. ఖర్చు లేని రక్షణ ఇదే. నకిలీ మీటల పలక ఉంటే మాత్రం ఇది చాలదు. మీటలు ఉబ్బెత్తుగా, వదులుగా అనిపిస్తే వెనుదిరగాలి.

• షూటింగ్ హడావుడిలో కార్డు, పిన్ తోటివారి చేతికిచ్చి డబ్బు తెప్పించుకోవడం తగదు. పిన్ పంచుకున్నారని తేలితే నిర్లక్ష్యం కింద జమకట్టి, ఫిర్యాదు చేసే వరకూ జరిగిన నష్టాన్ని ఖాతాదారుడిపైనే మోపే వీలుంది.

తిరిగొచ్చాక...

• ఇల్లు చేరిన రోజే యాప్‌లో విదేశీ వినియోగాన్ని ఆపివేయాలి. అక్కడ నకలైన కార్డుతో ఏ విదేశంలో ప్రయత్నించినా లావాదేవీ తిరస్కరణకు గురవుతుంది. రెండు నిమిషాల పని ఇది.

• పిన్ మార్చుకోవాలి. ఏ యంత్రం మీదైనా అనుమానం కలిగి ఉంటే కార్డునే రద్దు చేయించి కొత్తది తీసుకోవాలి.

మూడు రోజులే కీలకం

సొమ్ము పోయాక ఏం చేయాలో తెలియక కాలయాపన చేయడం రెండో నష్టం. 2017 జులై 6న రిజర్వు బ్యాంకు జారీ చేసిన నిబంధనలు ఖాతాదారుడికి కవచం వంటివి. బ్యాంకు తప్పు గానీ, ఖాతాదారుడి తప్పు గానీ లేకుండా మూడో వ్యక్తి వల్ల మోసం జరిగినప్పుడు, బ్యాంకు సందేశం అందిన తర్వాత మూడు పనిదినాల్లో ఫిర్యాదు చేస్తే ఖాతాదారుడిపై ఎలాంటి భారం పడదని ఆ నిబంధనలు చెప్పాయి. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య తెలిపితే సాధారణ పొదుపు ఖాతాదారుడి భారాన్ని గరిష్ఠంగా 10,000 రూపాయలకు పరిమితం చేశాయి. ఏడు రోజులు దాటితే బ్యాంకు విధానమే దిక్కు. ఫిర్యాదు అందిన పది పనిదినాల్లో వివాదంలోని మొత్తాన్ని తాత్కాలికంగా ఖాతాలో జమచేయాలని, 90 రోజుల్లో తేల్చాలని బ్యాంకులను ఆదేశించాయి. తప్పు ఖాతాదారుడిదే అని రుజువు చేయాల్సిన బాధ్యతను కూడా బ్యాంకుపైనే ఉంచాయి. ప్రయాణానికి ముందు తమ బ్యాంకులో అమలవుతున్న తాజా నిబంధనను ఒకసారి అడిగి తెలుసుకోవడం మంచిది.

ముందుగా కార్డును నిలిపివేయించి, ఫిర్యాదు సంఖ్యను రాసి ఉంచుకోవాలి. ఆపై 1930 నంబరుకు గానీ, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో గానీ ఫిర్యాదు చేయాలి. డబ్బు తీసిన సమయంలో తాను మరో దేశంలో ఉన్నట్లు చూపే పాస్‌పోర్టు ముద్రలు, బోర్డింగ్ పాసులు బలమైన ఆధారాలవుతాయి. వాటిని పారేయకుండా భద్రపరచాలి.

ఇరవై నాలుగు శాఖల కార్మిక సంఘాలున్న పరిశ్రమ ఇది. విదేశీ చిత్రీకరణకు వెళ్లే ముందు వీసా, బీమా, సామాను జాబితా గురించి యూనిట్‌కు చెప్పే నిర్మాణ నిర్వాహకులు కార్డు జాగ్రత్తలకు కూడా పది నిమిషాలు కేటాయిస్తే ఎందరో చిరుద్యోగుల కష్టార్జితం నిలుస్తుంది. తిరుగు ప్రయాణంలో సామాను లెక్క చూసుకున్నట్లే, కార్డుకు తాళం పడిందో లేదో కూడా ఒకరినొకరు అడిగి చూసుకోవాలి.