విమానం మారింది సరే, జిమ్మేదారీ ఎక్కడ దిగిపోయింది?

రూటు మూసేసే రోజు ఎయిర్‌లైన్ల జుబాన్ మహా తియ్యగా ఉంటుంది. ఆపేశాం అని సూటిగా చెప్పి ఊరుకోరు. మా పార్ట్‌నర్ల విమానాల్లో మీ సఫర్ సాగుతుంది, ఫికర్ పడకండి అన్నట్టు చెప్తారు. వినడానికి మెహర్బానీలా ఉంటుంది. హిసాబ్ విప్పి చూస్తే మాత్రం ఆ మెహర్బానీకి బిల్లు కట్టేది ముసాఫిరే. నా వాదన ఒక్కటే దోస్తులారా: ముసాఫిర్‌ని ఇంకో కంపెనీ చేతిలో పెట్టే మజ్బూరీ ఎయిర్‌లైన్‌కు రావచ్చు. తను చేసిన వాదాను మాత్రం సగం దారిలో దింపేసే హక్కు దానికి లేదు.

కళ్ళ ముందరి మిసాల్ తీసుకుందాం. ఎయిర్ ఇండియా 2017 జులైలో ఢిల్లీ నుంచి వాషింగ్టన్‌కు సూటి విమానం మొదలుపెట్టింది. 2025 ఆగస్టులో ఒక ప్రకటన ఇచ్చి, సెప్టెంబర్ 1 నుంచి దాన్ని ఆపేసింది. కారణాలు రెండు చెప్పింది. తన 26 బోయింగ్ 787-8 విమానాలను మరమ్మతు చేసి కొత్త రూపు ఇస్తున్నందున విమానాల కొరత. రెండోది, ఏప్రిల్ 24 నుంచి పాకిస్తాన్ తన ఆకాశాన్ని మన విమానాలకు మూసేయడం వల్ల పెరిగిన దూరం. వాషింగ్టన్ వెళ్ళేవాళ్ళు న్యూయార్క్, నెవార్క్, షికాగో, శాన్‌ఫ్రాన్సిస్కోల్లో దిగి, అక్కడి నుంచి అలాస్కా, యునైటెడ్, డెల్టా విమానాల్లో పోవచ్చని చెప్పింది.

ఆ రూటుతో మనకేం పని అంటారా? వర్జీనియా, మేరీలాండ్‌లలో మన తెలుగు పిల్లలు ఎంతమంది ఉన్నారో చుట్టాల్లో ఒకసారి లెక్కబెట్టి చూడండి. వాళ్ళను చూడ్డానికి హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి, విశాఖ నుంచి పోయే అమ్మీ అబ్బాలను కూడా లెక్కలో వేయండి. హైదరాబాద్‌లో ఎక్కి, ఢిల్లీలో ఒక్కసారి మారితే చాలు, వాషింగ్టన్‌లో దిగేవాళ్ళు. ఇప్పుడు మారడం రెండుసార్లయింది. పైకి ఒకటే తేడా. కానీ ఆ ఒక్కటీ ఎక్కడ పడిందో చూడండి.

ఢిల్లీ నుంచి పోయి అమెరికాలో దిగిన ముసాఫిర్ మొదటి ఎయిర్‌పోర్టులోనే ఇమిగ్రేషన్ దాటాలి. పెట్టెలు బెల్టు మీంచి దింపుకొని, కస్టమ్స్ దాటించి, మళ్ళీ అప్పజెప్పాలి. ట్యాగు మీద వాషింగ్టన్ అని రాసి ఉన్నా ఇది తప్పదు. ఇంతకుముందు ఆ తక్లీఫ్ అంతా వాషింగ్టన్‌లోనే అయ్యేది. తలుపు అవతల కొడుకో కూతురో నిలబడి ఉండేవాళ్ళు. ఇప్పుడది తమవాళ్ళెవరూ లేని ఊళ్ళో అవుతోంది. షికాగోనే తీసుకోండి. ఎయిర్ ఇండియా దిగేది టెర్మినల్ 5లో. యునైటెడ్ దేశవాళీ విమానాల అడ్డా టెర్మినల్ 1. మధ్యలో రైలు, అవతల మళ్ళీ సెక్యూరిటీ. డెబ్బై ఏళ్ళ మనిషి, ఇంగ్లిష్ రాని మనిషి, మోకాళ్ళ నొప్పుల మనిషి ఈ దారిలో ఎవరిని అడగాలి? టికెట్ అమ్మిన కంపెనీ వెనక ఉండిపోయింది. మోసుకుపోయే కంపెనీ ముందెక్కడో ఉంది. మధ్యలో ముసాఫిర్ లావారిస్.

ఇక తరచూ తిరిగేవాళ్ళ సంగతి. ఏళ్ళ తరబడి ఒకే ఎయిర్‌లైన్‌ను పట్టుకుని ఉన్నవాళ్ళు, కార్డులో పాయింట్లు పోగేసినవాళ్ళు, గోల్డ్ అని పేరు తెచ్చుకున్నవాళ్ళు. వీళ్ళకు ‘పార్ట్‌నర్’ అనే ఒక్క మాటతో మూడు రకాల మాల్ అంటగడుతున్నారు. ఇంటర్‌లైన్ అంటే ఒకే టికెట్ మీద ఇద్దరి విమానాలు, పెట్టె ఒకరి నుంచి ఒకరికి అందించుకునే ఒప్పందం. కోడ్‌షేర్ అంటే ఇంకొకరి విమానానికి తన నంబరు తగిలించి అమ్ముకోవడం. అలయెన్స్ అంటే ఒకరి కార్డును ఇంకొకరు గౌరవించే పెద్ద జమాత్. ఎయిర్ ఇండియా 2014 జులై నుంచి స్టార్ అలయెన్స్‌లో ఉంది. యునైటెడ్ కూడా అందులోనే ఉంది. డెల్టాది స్కైటీమ్. అలాస్కాది వన్‌వరల్డ్. ఎయిర్ ఇండియా గోల్డ్ కార్డు యునైటెడ్ కౌంటర్ దగ్గర చెల్లుతుంది. అదనపు పెట్టె, లౌంజ్, ముందుగా ఎక్కే వరుస, అన్నీ ఉంటాయి. అదే కార్డు డెల్టా కౌంటర్ మీద పెడితే ప్లాస్టిక్ ముక్క. ప్రకటనలో మాత్రం మూడు పేర్లూ ఒకే వాక్యంలో, పక్కపక్కనే, సగే భాయిల్లా నిలబడ్డాయి.

దీనికి కంపెనీల పక్షం వాళ్ళ దగ్గర ఒక జవాబ్ సిద్ధంగా ఉంటుంది. పాయింట్లు మేం ఇచ్చే తోఫా, తోఫా మీద దావా ఏమిటి భాయ్ అంటారు. తోఫా అయితే బ్యాంకులు ఎందుకు కొంటున్నాయి? క్రెడిట్ కార్డు గీకినప్పుడు మీకు పడే మైళ్ళను బ్యాంకు ఆ ఎయిర్‌లైన్ దగ్గర నగదు పెట్టి కొంటుంది. అది పక్కా సౌదా. ఇంకా పెద్ద సబూత్ 2020లో కనబడింది. కొవిడ్‌తో విమానాలు నేల మీద పడి ఉన్నప్పుడు యునైటెడ్ తన మైలేజ్‌ప్లస్ కార్యక్రమాన్ని గిర్వీ పెట్టి 680 కోట్ల డాలర్ల ఖర్జా తెచ్చుకుంది. డెల్టా తన స్కైమైల్స్‌ను తాకట్టు పెట్టి 900 కోట్ల డాలర్లు తెచ్చుకుంది. సాహుకారు ముందు పెట్టినప్పుడు ఆ మైళ్ళ కార్యక్రమం బంగారం. ముసాఫిర్ అడిగినప్పుడు మాత్రం మైళ్ళు చిల్లర తోఫా. ఒకే వస్తువుకు రెండు తరాజులు పెట్టడాన్ని మా బస్తీలో బేఇమానీ అంటారు.

మన దేశంలో ఈ పాఠం ముందే ఒకసారి అయ్యింది. అబూధాబీకి చెందిన ఎతిహాద్ 2013లో జెట్ ఎయిర్‌వేస్‌లో 24 శాతం వాటా కొనడానికి ఒప్పందం చేసుకుంది. దాంతో జెట్ ముసాఫిర్లకు అబూధాబీ ఒక జంక్షన్ అయ్యింది. జెట్ పాయింట్ల కార్యక్రమాన్ని వేరే కంపెనీగా విడదీశారు. అందులో ఎతిహాద్‌ది 50.1 శాతం. 2019 ఏప్రిల్ 17న జెట్ విమానాలు ఆగిపోయాయి. పాయింట్ల కంపెనీ మాత్రం బతికింది, అదే ఏడాది నవంబర్‌లో ఇంటర్‌మైల్స్ అని పేరు మార్చుకుంది. అంటే మైళ్ళు ఉన్నాయి, మోసే విమానం లేదు. 2024 నవంబర్ 7న సుప్రీంకోర్టు జెట్‌ను అమ్మి లెక్కలు తేల్చమని తీర్పు ఇచ్చాక తిరిగి ఎగిరే ఆశ కూడా పోయింది.

అదే అబూధాబీ దారిలో ఇంకో దేశం ముసాఫిర్లకు ఏం జరిగిందో వినండి. పదకొండు మంది చెక్ ఎయిర్‌లైన్స్ దగ్గర ప్రాగ్ నుంచి బ్యాంకాక్‌కు టికెట్ కొన్నారు. అబూధాబీ దాకా చెక్ విమానం సమయానికే తెచ్చింది. అక్కడి నుంచి ఎతిహాద్ విమానం, అది ఎనిమిది గంటలకు పైగా ఆలస్యం అయ్యింది. ఆలస్యం మాది కాదు, పార్ట్‌నర్‌ది అని చెక్ కంపెనీ వాదించింది. యూరప్ న్యాయస్థానం 2019 జులై 11న ఆ వాదన కొట్టేసింది. ఒకే బుకింగ్ మీద మొత్తం సఫర్ అమ్మినవాడివి నువ్వు, పరిహారం నువ్వే కట్టు, ఆ తర్వాత నీ పార్ట్‌నర్ దగ్గర నువ్వు వసూలు చేసుకో అని తేల్చింది. ఇన్సాఫ్ అంటే ఇదీ. ఇద్దరు వ్యాపారుల మధ్య పంచాయతీలో గాహక్‌ని సాక్షిగా నిలబెట్టి అలసిపోయేలా తిప్పొద్దు అన్నది దాని సారం.

మన దగ్గర ఏముంది? పూర్తిగా ఖాళీ చేతులేం కాదు. మాంట్రియల్ ఒప్పందంలో మన దేశం 2009లో చేరింది. ఒప్పందం చేసుకున్న కంపెనీ ఒకటి, మోసిన కంపెనీ ఇంకొకటి అయితే ఇద్దరిలో ఎవరి మీదైనా, ఇద్దరి మీదా దావా వేసే హక్కు దాని 45వ అధికరణం ఇస్తుంది. కానీ అది ఆలస్యానికీ, పెట్టెల నష్టానికీ, ప్రాణానికీ సంబంధించిన మాట. ఇక డీజీసీఏ నియమాల ప్రకారం విమానం రద్దయితే రెండు వారాల ముందు చెప్తే చాలు, ఇంకో విమానమో డబ్బు వాపసో ఇచ్చి చేతులు దులుపుకోవచ్చు. ముందు చెప్పకపోతే 5,000 నుంచి 10,000 రూపాయల దాకా పరిహారం, అది కూడా టికెట్ బేసిక్ ఫేరు, ఇంధన చార్జీ కలిపిన మొత్తం కన్నా ఎక్కువ కాకుండా. ఆ హిసాబ్‌లో ఉన్నవి గంటలూ రూపాయలే. పదేళ్ళు కూడబెట్టిన హోదా ఎంత, పోయిన అదనపు పెట్టె ఎంత, రెండోసారి మారే తక్లీఫ్ ఎంత అనే లెక్కకు అందులో చోటు లేదు. రూటు కోతలు మామూలుగా రెండు వారాల కన్నా ముందే ప్రకటిస్తారు కాబట్టి ఆ పరిహారం దాకా మాట పోనే పోదు.

ఫిఖ్ కితాబుల్లో గరర్ అనే మాట ఉంది. అమ్మేవాడి చేతిలో లేనిదాన్ని, దొరుకుతుందో లేదో తెలియనిదాన్ని అమ్మడం. దానికి ఉస్తాదులు చెప్పే పాత మిసాల్ నీళ్ళలో చేప, గాలిలో పిట్ట. నేను ఫత్వా ఇచ్చేవాణ్ణి కాను. కోడ్‌షేర్ హరామ్ అని కూడా అనడం లేదు. నలుగురు వ్యాపారులు కలిసి ముసాఫిర్‌ని దూరం చేర్చడం మంచిదే. నేను అడిగేది వేరు. నా నంబరుతో, నా పేరుతో అమ్మిన కుర్చీ నిజానికి ఎవరిది, ఆ కుర్చీతో పాటు వచ్చే హక్కులు ఏవి, రావు అనుకున్నవి ఏవి, డబ్బు తీసుకునే ముందే ఖుల్లం ఖుల్లా చెప్పకపోతే అది గాలిలో పిట్టను అమ్మడానికి ఎంత దూరంలో ఉంది?

మజ్బూరీ సంగతీ మాట్లాడుకుందాం. పాకిస్తాన్ ఆకాశం మూసుకుపోతే ఎయిర్ ఇండియా ఏం చేస్తుంది? దూరం పెరిగితే ఇంధనం పెరుగుతుంది, నష్టం వస్తుంది. ఒప్పుకుంటాను. రూటు ఆపమనండి. నష్టంలో ఎగరమని ఏ ముసాఫిరూ అడగలేదు. కానీ ఆకాశం మూసుకుపోవడం కంపెనీ తప్పు కానట్టే, ముసాఫిర్ తప్పు కూడా కాదు కదా. ఇద్దరిలో ఎవరి తప్పూ లేనప్పుడు నుక్సాన్ మొత్తం ఒక్కరి నెత్తినే ఎందుకు?

ఇది పైసలున్నవాళ్ళ ఏడుపు అని కొట్టిపారేసేవాళ్ళకు ఒక మాట. పాయింట్లు పోగేసేది కొడుకే కావచ్చు, ఆ పాయింట్ల మీద ఎక్కేది చాలాసార్లు అమ్మీ అబ్బాలే. నిజామాబాద్ నుంచీ, జగిత్యాల నుంచీ, పాతబస్తీ నుంచీ రెండేళ్ళకోసారి గల్ఫ్‌కు ఎగిరి ఇరవై ఏళ్ళు గడిపినవాళ్ళను ఏ కంపెనీ ‘ఫ్రీక్వెంట్ ఫ్లయర్’ అని పిలవలేదు. వాళ్ళ టికెట్ల మీదా పార్ట్‌నర్ల పేర్లు ఉంటాయి. ఈరోజు గోల్డ్ కార్డువాడికే జవాబ్ చెప్పని కంపెనీ రేపు కార్డే లేని కూలీకి చెప్తుందా?

అడిగితే కదులుతుందని కూడా చూశాం. లాక్‌డౌన్‌లో రద్దయిన టికెట్ల డబ్బు కోసం ప్రవాసీ లీగల్ సెల్ సుప్రీంకోర్టుకు పోయింది. 2020 అక్టోబర్ 1న తీర్పు వచ్చింది. నగదు ఇవ్వలేని కంపెనీ ఆ మొత్తాన్ని ముసాఫిర్ పేరున జమ ఉంచాలి, దాన్ని వేరేవాళ్ళకు బదిలీ చేసుకోవచ్చు, నెలనెలా మొదట అర శాతం, తర్వాత ముప్పావు శాతం కలపాలి అని రాశారు. అమెరికా రవాణా శాఖ 2022 నవంబర్‌లో ఎయిర్ ఇండియా చేత 12 కోట్ల 15 లక్షల డాలర్లు ముసాఫిర్లకు వాపసు చేయించింది, ఆలస్యానికి 14 లక్షల డాలర్ల జరిమానా వేసింది. కంపెనీ ప్రభుత్వం చేతుల్లో ఉన్నప్పటి ఫిర్యాదులే అవి. హుకుం ఉంటే డబ్బు కదులుతుంది.

కాబట్టి డీజీసీఏ నుంచి నాకు కావాల్సింది మెహర్బానీ కాదు, నాలుగు వాక్యాల నియమం. ఒకే టికెట్ మీద అమ్మిన సఫర్‌కు చివరి ఎయిర్‌పోర్టు దాకా అమ్మినవాడే జిమ్మేదార్, వీల్‌చెయిర్‌తో సహా. కంపెనీ తనంతట తాను దారి మార్చితే మొదటి టికెట్‌కు రావాల్సిన పాయింట్లూ హోదా లెక్కా అలాగే ఇవ్వాలి. పార్ట్‌నర్ దగ్గర కార్డు చెల్లకపోతే అదనపు పెట్టె చార్జీ అమ్మినవాడే కట్టాలి. రూటు మూసినప్పుడు ఆ దారి కోసం దాచుకున్న పాయింట్ల గడువు పెంచాలి, లేదా ముందే ప్రకటించిన ధరకు వాటిని తిరిగి కొనాలి. బ్యాంకుకు అమ్మే ధర ఉన్నప్పుడు, ముసాఫిర్ దగ్గర కొనే ధర ఎందుకు ఉండకూడదు?

ఆ నియమం వచ్చేదాకా మన జాగ్రత్త మనది. మీ టికెట్ మారిందని మెసేజ్ వస్తే ఒప్పుకున్నట్టు బటన్ నొక్కే ముందు పాత టికెట్‌ను ఒక కాపీ తీసి పెట్టుకోండి. చిన్న అక్షరాల్లో ‘ఆపరేటెడ్ బై’ అని ఎవరి పేరు ఉందో చదవండి. అమెరికా సఫర్ అయితే, కంపెనీ ఒక మార్పిడి పెంచినా మీరు కొత్త దారి ఒద్దనవచ్చు. 2024 అక్టోబర్ నుంచి అక్కడ అమల్లో ఉన్న నియమం ప్రకారం క్రెడిట్ కార్డు మీద కట్టిన డబ్బు ఏడు పనిదినాల్లో వాపసు రావాలి, వోచర్‌గా కాదు, డబ్బుగానే. పోవడానికే సిద్ధమైతే పాత టికెట్ పాయింట్లు అడుగుతూ రాతపూర్వకంగా ఒక ఫిర్యాదు పెట్టండి. రాకపోయినా సరే, పెట్టండి. రేపు ఎవరైనా దావా వేసిన రోజు ఆ కాగజే మాట్లాడుతుంది.