మిగిలిన చోట టాంకు

తెలుక్ ఇంటాన్‌లో ఎవరింటికి వెళ్ళినా ముందు అక్కడి ఒరిగిన గోపురం చూపిస్తారు. 1885లో కట్టింది. బయటినుంచి చూస్తే ఎనిమిది అంతస్తులు, లోపల ఉన్నవి మూడే. దాన్లో ఊరికి నీళ్ళిచ్చే టాంకు ఉండేది. కింద మెత్తటి నేల, పైన నీళ్ళ బరువు, పాపం ఒక పక్కకి వాలిపోయింది. మా బావ కూడా నాకు అదే చూపించి, అక్కణ్ణించి తిన్నగా తన షెడ్డుకి తీసుకెళ్ళాడు. అక్కడ ఇంకో టాంకు మీద మా ఇద్దరికీ పెద్ద వాదనే జరిగింది.

బావ ఆరేళ్ళుగా ఇంట్లో కారు తయారుచేస్తున్నాడు. లోటస్ సెవెన్ మోస్తరు, ఇద్దరు కూర్చునే టాపులేని బండి. చదరపు గొట్టాల ఛాసీ, పాత కొరొల్లా నుంచి పీకిన ఇంజను, గేరుబాక్సు, వెనక ఇరుసు. వెల్డింగు చూస్తే ముచ్చటేస్తుంది. అన్నీ అయ్యాక మిగిలిన పని పెట్రోలు టాంకు. మిగిలిన చోటు ఇరుసు వెనక, బండి తోక దగ్గర. అక్కడ కొలతలు తీసుకుని, జీఐ రేకు వంచి, 30 లీటర్ల డబ్బా చేసేశాడు.

నా అభ్యంతరమల్లా ఆ "మిగిలిన" అన్న మాట మీదే. మనం బ్యాకప్ సంగతి రిలీజుకి ముందురోజు రాత్రి తలుచుకున్నట్టే ఇదీను. ఫోర్డ్ వాళ్ళంతటివాళ్ళే పింటో కారులో టాంకుని ఇరుసుకీ వెనక బంపరుకీ మధ్య పెట్టారు. వెనకనుంచి గుద్దితే టాంకు ముందుకి జరిగి డిఫరెన్షియల్ బోల్టులకి గుచ్చుకునేది, పెట్రోలు పోసే గొట్టం ఊడొచ్చేది. మనుషులు కాలిపోయాక, 1978లో సుమారు 15 లక్షల బళ్ళని వెనక్కి పిలిచారు.

"అసలు సెవెన్‌కే టాంకు వెనకుంటుంది కదా బామ్మర్దీ!" అన్నాడు బావ. నిజమే. ఆ బండిలో సీట్ల వెనకాలే ఇరుసు, ముందు చోటేదీ? చోటు కావాలంటే ఛాసీ గీసిన రోజునే నాలుగంగుళాలు పొడుగు గీసుకోవాలి. ఆరేళ్ళు ఆలస్యంగా ఈ మాట చెప్పినందుకు బావకి నామీద కోపం వచ్చింది, అదీ నిజమే.

రేకు డబ్బా లోపల అడ్డుపలకలు కూడా లేవు. 30 లీటర్లంటే 22 కిలోల పైచిలుకు. సగం నిండిన టాంకులో ఆ బరువు మలుపు దగ్గర ఒక మూలకి దూకుతుంది, ఇంజనుకి గాలి అందుతుంది. పైగా జీఐ. ఇథనాల్ కలిసిన పెట్రోలుకీ జింకు పూతకీ పడదు. ఇండియాలో 20 శాతం కలిపే ఈ రోజుల్లో అక్కడ ఈ ప్రయోగం చేసేవాళ్ళు మరీ జాగ్రత్తపడాలి. అల్యూమినియం గానీ స్టెయిన్‌లెస్ గానీ వాడటం మేలు. తర్వాత అతుకు వేసుకోవచ్చులే అనుకోకండి. ఒకసారి పెట్రోలు తగిలిన టాంకు ఖాళీగా ఉన్నప్పుడే ఎక్కువ ప్రమాదం. ఆవిరీ గాలీ కలిసి కూర్చుని ఉంటాయి, వెల్డింగు నిప్పు కోసమే ఎదురుచూస్తూ. మన ప్యాచ్‌లు ఇక్కడ పనికిరావు.

లీకు చూద్దామని బావ టైర్లకి గాలికొట్టే కంప్రెసరు తీశాడు. నా గుండె ఆగినంత పనైంది. 30 సెంటీమీటర్లు, 40 సెంటీమీటర్లు ఉన్న రేకు మీద 30 పీఎస్ఐ పెడితే రెండున్నర టన్నుల బరువు పెట్టినట్టు! రెండు పీఎస్ఐ, సబ్బునీళ్ళు చాలు. అతుకులన్నీ నిలిచాయి, బావ మీసం తిప్పాడు. తర్వాత నిండా నీళ్ళు పోసి, ఇద్దరం కలిసి దాన్ని తలకిందులు చేశాం. బండి బోల్తాపడితే ఏమవుతుందో చూడాలి కదా! గాలిగొట్టం లోంచి ధారగా కారింది. దానికి బోల్తా వాల్వు లేదు. పెట్రోలు గేజి రబ్బరు దగ్గర కూడా చెమ్మ.

ఆ డబ్బాని బావ పక్కన పడేసి, అడ్డుపలకలతో, బోల్తా వాల్వుతో అల్యూమినియంది కొత్తగా చేయించాడు. డిఫరెన్షియల్ బోల్టులకి జానెడు దూరం వదిలి, వెనక ఉక్కు గొట్టాల చట్రం కట్టి, సీట్లకీ టాంకుకీ మధ్య ఉక్కు రేకు గోడ పెట్టాడు. పోసే గొట్టం మూతి నుంచి ఛాసీకి ఎర్తు తీగ కూడా వేశాడు. మధ్యలో రబ్బరు గొట్టం ఉంటే స్టాటిక్ కరెంటు పోవడానికి దారుండదు.

ఇప్పటికీ టాంకు ఇరుసు వెనకే ఉంది. నాకు సగమే తృప్తి. మా అక్కకి అదీ లేదు. పక్క సీట్లో కూర్చోవాల్సింది తనే కాబట్టి, నీళ్ళు పోసి ఇంకోసారి తిప్పి చూపించమంది.