బేలు తర్వాత బేలు... లూప్ ఎక్కడ ఆగాలి?

డీసీపల్లిలోనో, కలిగిరిలోనో పొగాకు వేలం ఒక్కసారి చూసినవాళ్లకి లూప్ అంటే ఏంటో సగం తెలిసిపోయినట్టే. బేళ్లు వరసగా పెట్టి ఉంటాయి. మొదటి బేలు దగ్గర ధర పలుకుతుంది, రాసుకుంటారు, పక్క బేలుకి కదులుతారు. మళ్లీ ధర, మళ్లీ రాత, మళ్లీ పక్కది. వరస అయిపోయేదాకా ఇదే. బేలు మారుతుంది, బరువు మారుతుంది, ధర మారుతుంది. చేసే పని మాత్రం మారదు.

చేసే పనిని ఒక్కసారి చెప్పి, ‘ఇలాగే అన్నిటికీ చెయ్యి’ అనడమే ప్రోగ్రామింగ్‌లో లూప్. అంతే. ఇందులో భయపడాల్సిందేం లేదు. కానీ చిక్కు ఒకటుంది. ‘మళ్లీ చెయ్యి’ అని చెప్పడం చాలా సులువు. ఎప్పుడు ఆగాలి, దేన్ని వదిలెయ్యాలి, ఏ పని లోపల, ఏ పని బయట అన్నది చెప్పడమే కష్టం. కొత్తగా నేర్చుకునేవాళ్లు తొంభై పాళ్లు తడబడేది అక్కడే.

కోచింగ్ సెంటర్లలో లూప్ పాఠం ఎలా ఉంటుందో తెలుసు కదా. ‘హలో’ అని పదిసార్లు ప్రింట్ చెయ్యి. తర్వాత నక్షత్రాలతో త్రిభుజం గియ్యి. నాకు ఈ పద్ధతి అస్సలు నచ్చదు. హలో తొమ్మిదిసార్లు వస్తే ఎవడికి నష్టం? తప్పు జరిగినా ఎవరికీ ఏమీ కానప్పుడు, తప్పు పట్టుకోవడం ఎందుకు నేర్చుకుంటాం? అందుకే ఈ వారం డబ్బు లెక్క తీసుకుందాం. దుత్తలూరు, ఉదయగిరి, మర్రిపాడు వైపు మెట్ట ఊళ్లలో పొగాకు వేసే ఇళ్లు తక్కువేం కాదు. వేలం నుంచి నాయన తెచ్చిన కాగితాన్ని ఇంట్లో చదువుకున్న పిల్లలకే ఇస్తారు, ‘కాస్త చూడు నాయనా, సరిగ్గా ఉందో లేదో’ అని. (పొగాకు ఒంటికి చేసే చెడు గురించి నాకూ తెలుసు. అది వేరే పేజీ సంగతి.)

ఫోన్‌లో ప్లే స్టోర్ నుంచి పైడ్రాయిడ్ 3 వేసుకోండి. ఒకసారి దించుకుంటే సిగ్నల్ లేకపోయినా పైథాన్ నడుస్తుంది. ఐదు బేళ్లు అనుకుందాం. ఒక్కో జతలో మొదటిది కిలోలు, రెండోది కిలో ధర. ఈ అంకెలు లెక్క కోసం నేను వేసుకున్నవే, మార్కెట్ ధరలు కావు. మూడో బేలుకి కొనేవాళ్లు రాలేదు, అంటే ‘నో బిడ్’. దానికి ధర దగ్గర సున్నా పెట్టాను.

బేళ్లు = [(110, 240), (95, 235), (102, 0), (120, 250), (88, 228)]
మొత్తం = 0
కిలోలు = 0
ఫర్ బరువు, ధర ఇన్ బేళ్లు:
    ఇఫ్ ధర == 0:
        కంటిన్యూ
    మొత్తం = మొత్తం + బరువు * ధర
    కిలోలు = కిలోలు + బరువు
ప్రింట్(మొత్తం, మొత్తం / కిలోలు)

ఫర్, ఇన్, ఇఫ్, కంటిన్యూ, ప్రింట్ అనేవి ఫోన్‌లో ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే కొట్టాలి. అవి పైథాన్ సొంత మాటలు. కానీ బేళ్లు, బరువు, ధర, మొత్తం, కిలోలు... ఇవి మనం పెట్టుకున్న పేర్లు. వీటిని నిజంగానే తెలుగులో కొట్టొచ్చు, పైథాన్ 3 ఒప్పుకుంటుంది. చాలామందికి తెలియని సంగతి ఇది. కొట్టి చూడండి, ముచ్చటగా ఉంటుంది.

ఇప్పుడు కంప్యూటర్ ఏం చేస్తుందో వేలితో నడుద్దాం. మొదటి జత తీసుకుంది. బరువు 110, ధర 240. ధర సున్నా కాదు, కాబట్టి కింది రెండు లైన్లకీ వచ్చింది. మొత్తం 26,400 అయింది, కిలోలు 110. కింద ఇంకేం లేదు, పైకి వెళ్లి రెండో జత తీసుకుంది. మొత్తం 48,725, కిలోలు 205. మూడో జత. ధర సున్నా. ‘కంటిన్యూ’ అంటే ఈ బేలుని ఇక్కడితో వదిలి తర్వాత దానికి పో అని. నాలుగు, ఐదు మామూలే. చివరికి మొత్తం 98,789 రూపాయలు, అమ్మిన సరుకు 413 కిలోలు, సగటు కిలోకి 239 రూపాయల 20 పైసలు.

ఐదు బేళ్లకి కాలిక్యులేటర్ చాలు కదా అంటారా? చాలు. సీజన్ మొత్తం మీద అమ్మిన బేళ్లన్నిటికీ? పైన జాబితా పొడుగవుతుంది, కింద లూప్ ఒక్క అక్షరం కూడా మారదు. లూప్ గొప్పంతా అందులోనే ఉంది.

ఇక అసలు కథ. ‘కంటిన్యూ’ అన్న చోట పొరపాటున ‘బ్రేక్’ అని రాస్తే ఏమవుతుంది? రెండూ చూడ్డానికి ఒకేలా అనిపిస్తాయి, రెండూ ‘వదిలెయ్’ అనే అర్థమే ఇస్తాయి. కానీ కంటిన్యూ వదిలేది ఆ ఒక్క బేలుని. బ్రేక్ వదిలేది మొత్తం వరసని. నో బిడ్ బేలు కనపడగానే వేలం కట్టేసి ఇంటికి పోయినట్టు. జవాబు 48,725 అని వస్తుంది. 50,064 రూపాయలు గాలికి! ఎర్రక్షరాల్లో ఎర్రర్ ఏమీ రాదు. కంప్యూటర్ నిమ్మళంగా, నమ్మకంగా తప్పు లెక్క చూపిస్తుంది. సగటు కూడా 237 రూపాయల 68 పైసలు అని నమ్మేట్టే వస్తుంది. ఎర్రర్ వచ్చే తప్పు కంటే ఎర్రర్ రాని తప్పే ప్రమాదం అని ఎందుకంటారో ఇక్కడ తెలుస్తుంది.

మీలో తెలివైనవాళ్లు ఈపాటికి ఒక ప్రశ్న వేసే ఉంటారు. ధర సున్నా అయినప్పుడు బరువుతో గుణిస్తే సున్నాయే కదా వచ్చేది, ఇఫ్, కంటిన్యూ అసలెందుకు? మొత్తం డబ్బు వరకూ మీ మాట కరెక్టే. ఆ రెండు లైన్లూ తీసేసినా 98,789 రూపాయలే వస్తాయి. సగటు దగ్గర దొరికిపోతాం. అమ్ముడుపోని 102 కిలోలు కూడా కిలోల్లో కలిసి 515 అవుతాయి, సగటు 191 రూపాయల 82 పైసలకి పడిపోతుంది. రైతులు ఒకరినొకరు అడిగేది ‘సగటెంత పడిందబ్బా’ అనే. దాన్ని కిలోకి 47 రూపాయలు తక్కువ చేసి చెప్పినట్టు.

ఇంకో చోట కూడా జాగ్రత్త. పైథాన్‌లో లైను మొదట్లో వదిలే ఖాళీ అందం కోసం కాదు. ఏ పని లూప్ లోపల, ఏది బయట అని చెప్పేది ఆ ఖాళీయే. ‘కిలోలు’ లైనుని చూసుకోకుండా ఎడమకి, ఫర్ కిందికి జరిపారనుకోండి. అప్పుడది లూప్ అంతా అయ్యాక ఒక్కసారే నడుస్తుంది. చివరి బేలు బరువు 88 ఒక్కటే కిలోల్లో పడుతుంది. సగటు కిలోకి 1,122 రూపాయలు అని వస్తుంది. నాయన ఎగిరి గంతేస్తాడు, ఆ తర్వాత మిమ్మల్ని తంతాడు. ఫోన్ చిన్న తెరలో ఈ ఖాళీలు సరిగ్గా కనపడవు, అందుకే ఫోన్‌లో నేర్చుకునేవాళ్లకి ఈ తప్పు మరీ ఎక్కువ.

బేళ్లకి జాబితా లేకుండా వరస నంబర్లతో తిరగాలంటే ‘రేంజ్’ వాడతారు. ఒకటి నుంచి ఐదు దాకా కావాలని రేంజ్(1, 5) అని రాస్తే 1, 2, 3, 4 తోనే ఆగిపోతుంది. ఐదో బేలు మాయం. రెండో అంకె ‘ఇక్కడికి రాకముందే ఆగు’ అని చెప్తుంది. మనకి కావాల్సింది రేంజ్(1, 6). ఇదేం తిక్క అనిపిస్తుంది గానీ, దీనికో సౌకర్యం ఉంది. రేంజ్(0, 5) తర్వాత రేంజ్(5, 10) వేస్తే ఏ అంకె రెండుసార్లు రాదు, ఏదీ తప్పిపోదు. రెండో అంకెలోంచి మొదటిది తీసేస్తే ఎన్నిసార్లు తిరుగుతుందో కూడా వచ్చేస్తుంది.

ఇదంతా లెక్క ముందే తెలిసిన పని. నర్రవాడ వెంగమాంబ గుడిలో పదకొండు ప్రదక్షిణలు అని మొక్కుకున్నట్టు. అన్ని పనులూ అలా ఉండవు. బ్యారన్‌లో ఆకు కాల్చడం తీసుకోండి. ‘ఇన్ని గంటలు మంట పెట్టి ఆపెయ్’ అని ఎవరూ చెప్పరు. ఆకు పసుపు రంగుకి తిరగాలి, ఆకు ఎండాలి, చివరికి ఈనె ఎండాలి. అప్పటిదాకా మంట చూస్తూ, వేడి చూసుకుంటూ, పగలూ రాత్రీ కాపలా. ఎన్నిసార్లు అనేది ముందే తెలియదు, ఎప్పటిదాకా అనేది తెలుసు. దీనికి పైథాన్‌లో ‘వైల్’ ఉంది.

వైల్ ఈనె_తడి > 0:
    మంట_చూడు()
    ఈనె_తడి = ఈనె_పట్టుకుని_చూడు()

చివరి లైను చూడండి. ప్రాణం అక్కడుంది. ఆ లైను మర్చిపోతే ఈనె తడి ఎంతుందో మళ్లీ ఎవరూ చూడరు. మొదట్లో ఉన్న అంకె అలాగే ఉండిపోతుంది, లూప్ ఆగదు, మంట ఆగదు. ఆకు మాడుతుంది, ఖర్మ కాలితే బ్యారనే అంటుకుంటుంది.

కొత్తవాళ్లే ఇలాంటి తప్పు చేస్తారనుకోకండి. 2008 డిసెంబరు 31న ఏం జరిగిందో వినండి. అప్పట్లో పాటలు వినడానికి మైక్రోసాఫ్ట్ జూన్ అనే ప్లేయర్ అమ్మేది. ఆ రోజు పొద్దున్నే 30 జీబీ జూన్‌లు ఎక్కడివక్కడ బిగుసుకుపోయాయి. ఆన్ చేస్తే బొమ్మ వస్తుంది, అక్కడే ఆగిపోతుంది.

కారణం ఒక వైల్ లూప్. ఆ ప్లేయర్ 1980 నుంచి ఎన్ని రోజులైందో లెక్కపెట్టి, దాన్నుంచి ఏ సంవత్సరమో కనుక్కునేది. రోజులు 365 కంటే ఎక్కువ ఉన్నంతసేపు ఒక్కో సంవత్సరం రోజులు తీసేస్తూ పోవాలి. లీపు సంవత్సరం అయితే, రోజులు 366 కంటే ఎక్కువ ఉంటేనే 366 తియ్యాలి. బాగానే ఉంది కదా? 2008 లీపు సంవత్సరం. డిసెంబరు 31 అంటే అందులో 366వ రోజు. మిగిలిన రోజులు సరిగ్గా 366. 365 కంటే ఎక్కువేనా? ఎక్కువే, లోపలికి రా. లీపు సంవత్సరమా? అవును. 366 కంటే ఎక్కువా? కాదు. అయితే ఏమీ తియ్యకు. మళ్లీ పైకి పో. 365 కంటే ఎక్కువేనా? ఎక్కువే... ఇక తిరుగుతూనే ఉంటుంది. బ్రేక్ అనే ఒక్క మాట లేక.

బాగుచెయ్యడానికి కంపెనీ చెప్పిన ఉపాయం ఇంకా తమాషా. బ్యాటరీ పూర్తిగా అయిపోనివ్వండి, తెల్లారి జనవరి 1న మళ్లీ ఛార్జింగ్ పెట్టండి. తేదీ మారింది, లెక్క తెగింది, పాటలు వచ్చాయి. మామూలు రోజుల్లో ఎన్నిసార్లు పరీక్షించినా ఈ తప్పు దొరికేది కాదు. లీపు సంవత్సరం చివరి రోజున మాత్రమే బయటపడే తప్పు అది. లూప్ రాసినప్పుడు మధ్యలో ఉన్న బేళ్లు కాదు, మొదటి బేలు, చివరి బేలు, నో బిడ్ బేలు, అసలు బేళ్లే లేని రోజు... వీటితో నడిపి చూడమనేది అందుకే. మన పైన ప్రోగ్రాంనే ఖాళీ జాబితాతో నడపండి. కిలోలు సున్నా, సున్నాతో భాగించమంటే పైథాన్ మొరాయిస్తుంది. అన్నీ నో బిడ్ అయిన రోజూ అంతే.

ఆగని లూపులన్నీ తప్పులేనా అంటే, అదీ కాదు. ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఫోన్‌లో కావాలనే ఆపకుండా తిప్పే లూప్ ఒకటుంది. ఆండ్రాయిడ్‌లో దాని పేరే లూపర్. ఏ యాప్ తెరిచినా అది ‘వేలు పడిందా? పనేమైనా వచ్చిందా?’ అని ఎదురుచూస్తూ, వచ్చిన పనిని ఒక్కొక్కటే అందిస్తూ ఉంటుంది. ఆ పనుల్లో ఒకటి ఎక్కడో ఇరుక్కుని, మీరు తాకిన ఐదు సెకన్ల దాకా జవాబు ఇవ్వకపోతే, ‘ఈ యాప్ స్పందించడం లేదు, మూసెయ్యనా?’ అని ఫోన్ అడుగుతుంది. చాలాసార్లు చూసే ఉంటారు. ఈసారి కనిపిస్తే తిట్టుకునే ముందు ఒక్క క్షణం ఆలోచించండి, లోపల ఏ లూప్ ఇరుక్కుందో అని. పైడ్రాయిడ్‌లో మీ లూపే ఇరుక్కుంటే ఫోన్ ఆఫ్ చెయ్యక్కర్లేదు, ఆ ప్రోగ్రాంని ఆపేస్తే చాలు.

ఈ వారం పని. ఇంట్లో వేలం కాగితం ఉంటే అందులో బరువులు, ధరలు జాబితాలో పెట్టి నడపండి. పొగాకు లేని ఇళ్లవాళ్లు పాల కేంద్రం కార్డు తీసుకోండి, లీటర్లు, ధర, అదే లెక్క. చేతికొచ్చిన డబ్బుతో సరిపోలకపోతే కంగారు పడొద్దు, గొడవకి పోవద్దు. సర్వీస్ ఛార్జీ, బ్యాంకు అప్పు కింద పట్టుకున్నది, ఇలాంటి కోతలు ఉంటాయి. వాటిని లూప్ లోపల తియ్యాలా, బయట తియ్యాలా? బేలుకింత అని పట్టేవాటికి ఒక జవాబు, మొత్తం మీద ఒకేసారి పట్టేవాటికి ఇంకో జవాబు. ఇవాళ నో బిడ్ అయిన బేలే ఇంకో రోజు మళ్లీ వేలానికి వచ్చి అమ్ముడుపోతే జాబితాలో దాన్ని ఎక్కడ రాయాలో కూడా చూడండి. వచ్చే వారం అక్కడి నుంచే మొదలుపెడదాం.